గాజులరామారంలో ఎఫ్‌ఎం స్టేషన్ పెడితే ఎంత దూరం వినిపిస్తుంది? సిగ్నల్ కవరేజ్ పూర్తి లెక్క

కొత్త ఫోన్ రివ్యూ చదివేటప్పుడు 5జీ బ్యాండ్లు ఎన్ని, వైఫై ఏ వెర్షన్, బ్లూటూత్ ఎంత అని వరసగా చూస్తాం. స్పెక్ షీట్ చివర్లో "ఎఫ్‌ఎం రేడియో: ఉంది" అనో "లేదు" అనో ఒక లైన్ ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే వదిలేస్తారు. కానీ ఒక లోకల్ రేడియో స్టేషన్ బతుకుతుందా, మూతపడుతుందా అన్న ప్రశ్నలో సగం జవాబు ఆ లైన్‌లోనే ఉంది. మిగతా సగం ఆ స్టేషన్ యాంటెన్నా ఎంత ఎత్తులో ఉందన్న దాంట్లో ఉంది.

ఈ ఆర్టికల్‌లో ఒక ప్రాక్టికల్ ప్రశ్న తీసుకుందాం. హైదరాబాద్ ఉత్తర శివారులో, కుత్బుల్లాపూర్ మండలం గాజులరామారంలో ఒక చిన్న ఎఫ్‌ఎం స్టేషన్ పెడితే అది ఎక్కడిదాకా వినిపిస్తుంది? సూరారం దాకానా, మేడ్చల్ దాకానా, శామీర్‌పేట దాకానా? స్కూల్ లెవెల్ లెక్కలు చాలు, మనమే తేల్చేయొచ్చు. ఆ లెక్కను మన తెలంగాణలోనే నడిచిన ఒక నిజమైన స్టేషన్‌తో పోల్చి కూడా చూద్దాం.

ముందు బేసిక్స్: ఎఫ్‌ఎం ఎందుకు దూరం పోదు?

ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రానికి 738 కిలోహెర్ట్జ్ మీద 200 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆ తరంగం పొడవు సుమారు 400 మీటర్లు. అంత పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకుని, వంపు తిరుగుతూ జిల్లాలు దాటి వెళ్తుంది. మన తాతల కాలంలో పొలం గట్టు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకుని వార్తలు విన్నారంటే కారణం ఇదే.

ఎఫ్‌ఎం బ్యాండ్ 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు. ఇక్కడ తరంగం పొడవు దాదాపు 3 మీటర్లే. ఇది కాస్త వెలుతురులా ప్రవర్తిస్తుంది, అంటే ఎక్కువగా తిన్నగా వెళ్తుంది. గుట్ట అడ్డొస్తే వెనక నీడ పడుతుంది. పెద్ద బిల్డింగ్ తగిలితే కొంత తిరిగొస్తుంది, కొంత పక్కనుంచి వంగి వెళ్తుంది. దీనికి బదులుగా మనకు దక్కేది క్వాలిటీ: గరగర తక్కువ, స్టీరియో, పాటకు నిండైన సౌండ్.

అంటే ఎఫ్‌ఎం పుట్టుకతోనే లోకల్ మీడియం. ఇది లోపమా, బలమా అన్నది స్టేషన్ ఎవరికోసం పెట్టారన్న దాని మీద ఉంటుంది.

మొదటి లెక్క: రేడియో హారిజాన్

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి యాంటెన్నా ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం "కనిపిస్తుంది". ఫార్ములా చాలా సింపుల్:

దూరం (కి.మీ.) = 4.12 × (√ట్రాన్స్‌మిటర్ ఎత్తు + √రిసీవర్ ఎత్తు). ఎత్తులు మీటర్లలో.

మన దేశంలో కమ్యూనిటీ రేడియోకి ఇచ్చే యాంటెన్నా ఎత్తు నేల నుంచి కనీసం 15 మీటర్లు, గరిష్ఠం 30 మీటర్లు. 30 మీటర్ల యాంటెన్నా, మూడో అంతస్తులో అంటే సుమారు 10 మీటర్ల ఎత్తులో రేడియో పెట్టామనుకుందాం. 30కి వర్గమూలం 5.48, 10కి 3.16. కలిపితే 8.64. దాన్ని 4.12తో గుణిస్తే దాదాపు 35.6 కి.మీ.

"అయితే శామీర్‌పేట ఏంటి, సంగారెడ్డి దాకా వినిపిస్తుందన్నమాట!" అని సంబరపడకండి. అది హద్దు మాత్రమే. అక్కడిదాకా తరంగం వెళ్లగలదు, కానీ చేరేసరికి మీ రేడియో పట్టుకునేంత బలం మిగలాలి కదా.

రెండో లెక్క: సిగ్నల్ బలం

కమ్యూనిటీ రేడియోకి గరిష్ఠ పవర్ 100 వాట్లు. ఇది ఈఆర్‌పీ, అంటే యాంటెన్నా నుంచి నిజంగా బయటికి వెళ్లే పవర్. మీ ఇంట్లో పాతకాలపు గుండు బల్బు ఒకటి ఎంత కరెంట్ తాగేదో అంత. గవర్నమెంట్ గైడ్‌లైన్స్ ప్రకారం దీనితో 5 నుంచి 10 కి.మీ. కవర్ అవ్వాలని అంచనా.

నేల సమతలంగా ఉందనుకుని లెక్కేస్తే గుర్తుపెట్టుకోవాల్సిన రూల్స్ మూడే:

• పవర్ రెట్టింపు చేస్తే సిగ్నల్ 3 డెసిబెల్స్ పెరుగుతుంది.
• యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ పెరుగుతుంది.
• దూరం రెట్టింపు అయితే 12 డెసిబెల్స్ పడిపోతుంది.

మొదటి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బు పెట్టి 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌ను 100 వాట్లకు మార్చినా వచ్చే లాభం 3 డెసిబెల్సే. అదే యాంటెన్నాను 15 మీటర్ల నుంచి 30 మీటర్లకు ఎత్తితే 6 డెసిబెల్స్. లోకల్ రేడియోలో వాట్ల కన్నా మీటర్లకే విలువ ఎక్కువ.

దీనికి మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. బీహార్‌లోని వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే రేడియో మెకానిక్, చేత్తో చేసుకున్న చవక కిట్‌తో 'రాఘవ్ ఎఫ్‌ఎం' నడిపాడు. యాంటెన్నాను పక్కనే ఉన్న మూడంతస్తుల ఆస్పత్రి మీద వెదురు బొంగుకు కట్టాడు. భోజ్‌పురి పాటలు, ఊరి కబుర్లతో చుట్టుపక్కల పల్లెలన్నీ వినేవి. ఆ బొంగు ఎత్తే అతని అసలు ఆస్తి. లైసెన్స్ లేదన్న కారణంతో 2006లో అధికారులు దాన్ని మూసేశారు. ఆ పాఠం కూడా మనకు ముఖ్యమే, చివర్లో మళ్లీ మాట్లాడుకుందాం.

మూడో లెక్క: సిటీలో ఎంత బలం కావాలి?

ఇక్కడే అసలు ట్విస్ట్. సిగ్నల్ ఎంత వస్తోందన్నది ఒకటి, దాన్ని మించిన రొద చుట్టూ ఎంత ఉందన్నది ఇంకొకటి. పల్లెలో రాత్రి పూట అర కిలోమీటర్ దూరం నుంచి పిలిచినా వినిపిస్తుంది. బాలానగర్ చౌరస్తాలో పక్కనున్నవాడు అరిచినా వినిపించదు. రేడియోకి కూడా అంతే. ఎల్ఈడీ డ్రైవర్లు, చవక చార్జర్లు, వెల్డింగ్ మెషిన్లు, మోటార్లు అన్నీ రొద పుట్టిస్తాయి. జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన ఇక చెప్పాలా?

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ, 10 మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నాకు ఎంత సిగ్నల్ కావాలో చెప్పింది. మీటరుకు ఒక మైక్రోవోల్ట్‌ను సున్నా డెసిబెల్స్‌గా తీసుకుంటే:

• పల్లెలో: స్టీరియోకి 54, మోనోకి 48 డెసిబెల్స్
• పట్టణంలో: స్టీరియోకి 66, మోనోకి 60
• మహానగరంలో: స్టీరియోకి 74, మోనోకి 70

ఇప్పుడు మన 100 వాట్లు, 30 మీటర్ల యాంటెన్నా దీనిలో పెడదాం. సమతల నేల లెక్క ప్రకారం 10 కి.మీ. దూరంలో, 10 మీటర్ల ఎత్తులో దాదాపు 58 డెసిబెల్స్ వస్తుంది. 5 కి.మీ.లో 70 వస్తుంది. దీన్నిబట్టి:

• పల్లెలో స్టీరియో: సుమారు 12.6 కి.మీ. దాకా
• మహానగరంలో స్టీరియో: సుమారు 4 కి.మీ. దాకా

అదే ట్రాన్స్‌మిటర్, అదే టవర్, అదే ఖర్చు. పల్లెలో దాదాపు 500 చదరపు కి.మీ. కవర్ చేసేది సిటీలో 50 చదరపు కి.మీ.కి కుంచించుకుపోయింది. పదో వంతు!

మ్యాప్ మీద గాజులరామారం

ఇప్పుడు మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి గాజులరామారం మీద 4 కి.మీ. వృత్తం గీయండి. సూరారం, షాపూర్‌నగర్, జగద్గిరిగుట్ట లోపల పడతాయి. జీడిమెట్ల, చింతల్ అంచున ఉంటాయి. బాచుపల్లి బయట. కొంపల్లి బయట. మేడ్చల్ గాలిలో దాదాపు 14 కి.మీ., శామీర్‌పేట దాదాపు 18 కి.మీ. ఆ రెండూ లెక్కలోకే రావు.

వృత్తం లోపల ఉన్నవాళ్లందరికీ కూడా గ్యారంటీ లేదు. జగద్గిరిగుట్ట పేరులోనే గుట్ట ఉంది. యాంటెన్నా గుట్టకు ఇటువైపు ఉంటే అటువైపు వాలులో ఉన్న ఇళ్లకు నీడ పడుతుంది. అదే గుట్ట మీద యాంటెన్నా పెట్టగలిగితే సీన్ రివర్స్. చుట్టూ ఉన్న నేల కన్నా గుట్ట ఎంత ఎత్తుంటే అంతా ఫ్రీగా వచ్చిన టవరే. సైట్ సర్వే లేకుండా ట్రాన్స్‌మిటర్ కొనకూడదనేది అందుకే.

ఇంకో లోకల్ సంగతి. గాజులరామారానికి ఉత్తరాన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, తూర్పున హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉన్నాయి. ఎఫ్‌ఎం బ్యాండ్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగిస్తే సరిగ్గా అక్కడి నుంచే విమానాల బ్యాండ్ మొదలవుతుంది. అందుకే టవర్ ఎక్కడ పెట్టినా, ఎంత ఎత్తు పెట్టినా సాక్ఫా అనే కమిటీ క్లియరెన్స్ కావాలి. ఇది పేపర్ పని మాత్రమే అనుకోవద్దు. టవర్ ఎత్తు తగ్గించమంటే మీ కవరేజ్ వృత్తం కూడా తగ్గుతుంది. 30 మీటర్లు 15 అయితే 4 కి.మీ. కాస్తా 2.8 కి.మీ. అవుతుంది. విస్తీర్ణంలో చూస్తే సగం పోయినట్టే.

పెద్ద స్టేషన్లు ఇక్కడికి ఎలా వస్తున్నాయి?

గాజులరామారంలో రేడియో సిటీ 91.1, బిగ్ ఎఫ్‌ఎం 92.7, రెడ్ ఎఫ్‌ఎం 93.5, మిర్చి 98.3 ట్యూన్ చేయొచ్చు. ఆకాశవాణి రెయిన్‌బో 101.9, వివిధ్ భారతి 102.8 కూడా. ప్రైవేట్ ఎఫ్‌ఎం పాలసీలో హైదరాబాద్ 'ఏ' కేటగిరీ నగరం. ఇక్కడ ప్రైవేట్ స్టేషన్లకు 10 నుంచి 30 కిలోవాట్ల దాకా అనుమతి.

10 కిలోవాట్లు, 100 మీటర్ల ఎత్తు అనుకుంటే మన చిన్న స్టేషన్ మీద ఎంత తేడా? పవర్ వంద రెట్లు, అంటే 20 డెసిబెల్స్. ఎత్తు వల్ల ఇంకో 10.5. మొత్తం 30.5 డెసిబెల్స్ ఎక్కువ. దూరం లెక్కలో సుమారు 5.8 రెట్లు. మహానగర స్థాయి సిగ్నల్ 4 కి.మీ. బదులు 23 కి.మీ. దాకా వెళ్తుంది. టవర్ సిటీ నడిబొడ్డున ఉందనుకుంటే గాజులరామారం హాయిగా లోపల, మేడ్చల్, శామీర్‌పేట దాదాపు అంచులో పడతాయి.

ఇక్కడ ఒక గమ్మత్తు గమనించండి. వంద రెట్ల పవర్ పెడితే దూరం వంద రెట్లు పెరగలేదు. ఎత్తు మూడు రెట్లకు పైగా పెంచినా, రెండూ కలిపి ఆరు రెట్లు కూడా రాలేదు. రేడియోలో దూరం చాలా ఖరీదైన సరుకు.

సేమ్ స్పెక్, వేరే రిజల్ట్: జహీరాబాద్ సంఘం రేడియో

ఇప్పుడు లెక్కల నుంచి నిజమైన స్టేషన్ దగ్గరికి వద్దాం. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో సంఘం రేడియో ఉంది. ఫ్రీక్వెన్సీ 90.4 మెగాహెర్ట్జ్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దీన్ని నడిపాయి. 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. స్టేషన్ బాధ్యత చూసింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు. రికార్డింగ్, ఎడిటింగ్, మైక్ ముందు మాట్లాడటం అన్నీ వాళ్లే.

దీని వెనక కథ పెద్దది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కుల గొడవ మీద తీర్పు ఇస్తూ రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో పి.బి. సావంత్ ఒకరు. జహీరాబాద్ మహిళలు 1998 నాటికే ప్రోగ్రాములు రికార్డు చేయడం మొదలుపెట్టారు. కానీ ప్రసారానికి లైసెన్స్ లేదు. అందుకే క్యాసెట్లు ఊళ్లకు తీసుకెళ్లి సంఘం మీటింగుల్లో వినిపించేవారు. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయడానికి పదేళ్లు ఆగాల్సి వచ్చింది. 2006లో పాలసీ మారి స్వచ్ఛంద సంస్థలకు అవకాశం వచ్చాకే దారి తెరుచుకుంది.

టెక్నికల్‌గా చూస్తే అది కూడా చిన్న ట్రాన్స్‌మిటరే. కానీ అక్కడ నేల పల్లె నేల. ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేవు, ఫ్యాక్టరీ రొద తక్కువ. మన లెక్కలో పల్లె వృత్తం ఎంత పెద్దదో చూశాం కదా. అంతకన్నా ముఖ్యం, ఆ వృత్తంలో ఉన్నవాళ్లకు కామన్ విషయాలు ఉన్నాయి: జొన్నలు, సజ్జలు, కొర్రలు, విత్తనాలు దాచుకునే పద్ధతి, పశువుల జబ్బులు, పనిపాటల్లో పాడుకునే పాటలు, ఆ ప్రాంతపు యాస. రోజంతా కూలికెళ్లే ఆడవాళ్లు ఇంటికొచ్చే సాయంత్రం వేళకే ప్రసారం పెట్టుకున్నారు. సిగ్నల్ ఎక్కడిదాకా వెళ్తుందో సమాజం కూడా దాదాపు అక్కడిదాకే ఉంది.

లోకల్ స్టేషన్ విజయానికి అసలు సూత్రం ఇదే. కవరేజ్ వృత్తం, కబుర్ల వృత్తం ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి.

90.4 సీక్రెట్: ఒకే ఫ్రీక్వెన్సీ, ఎన్నో స్టేషన్లు

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ స్టేషన్ 'బోల్ హైదరాబాద్' ఫ్రీక్వెన్సీ ఎంతో తెలుసా? అదీ 90.4. చెన్నైలో 2004లో మొదలైన అన్నా ఎఫ్‌ఎం, దేశంలో తొలి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో, దానిదీ 90.4. మరి కొట్టుకోవా?

కొట్టుకోవు. గచ్చిబౌలికి, మాచ్‌నూరుకి మధ్య 70 కి.మీ.కు పైనే దూరం ఉంది. పైగా ఎఫ్‌ఎంలో 'క్యాప్చర్ ఎఫెక్ట్' అని ఒకటుంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు సిగ్నళ్లు వస్తే బలమైనదాన్ని రిసీవర్ పట్టుకుంటుంది, బలహీనమైనది మాయమైపోతుంది. మీడియం వేవ్‌లోలా రెండూ కలిసి వినిపించవు.

అంటే కవరేజ్ తక్కువగా ఉండటం వల్లే ఒక్క ఫ్రీక్వెన్సీలో దేశమంతా బోలెడన్ని స్టేషన్లకు చోటు దొరుకుతోంది. మొబైల్ టవర్ల సెల్ సిస్టమ్ కూడా ఇదే ఐడియా. అందరికీ వందల కి.మీ. రేంజ్ ఇస్తే బ్యాండ్‌లో స్టేషన్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కానీ గాజులరామారానికి గచ్చిబౌలి క్యాంపస్ గాలిలో 12 కి.మీ. మాత్రమే. ఇక్కడ అదే 90.4 వేస్తే మధ్యలో ఉన్న కూకట్‌పల్లి వైపు రెండూ తన్నుకుంటాయి. కాబట్టి వేరే ఛానెల్ వెతకాలి. పక్కపక్క ఛానెళ్ల మధ్య ఖాళీ కూడా కావాలి. మీ ఫోన్‌లో హైదరాబాద్ స్టేషన్లు స్కాన్ చేసి చూడండి: 92.7కి, 93.5కి మధ్య 0.8. 101.9కి, 102.8కి మధ్య 0.9. ఒక నగరంలో బ్యాండ్ ఎంత త్వరగా నిండిపోతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

కవరేజ్ నుంచి డబ్బు దాకా

ప్రైవేట్ స్టేషన్ అమ్ముకునేది చెవులను. ఎంత పెద్ద వృత్తం, ఎంతమంది జనం, ఎంత కొనే శక్తి అన్నదాన్నిబట్టి యాడ్ రేటు. అందుకే వాళ్లకు హైదరాబాద్ మొత్తం ఒకే మార్కెట్. బంజారాహిల్స్ జ్యువెలరీ షాపు యాడ్‌కి గాజులరామారం శ్రోత కూడా లెక్కలోకి వస్తాడు. కానీ షాపూర్‌నగర్‌లో ఒక చిన్న మొబైల్ రిపేర్ షాపు ఓనర్ సిటీ మొత్తానికి వినిపించే యాడ్ ఎందుకు కొంటాడు? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎవరూ ఫోన్ బాగు చేయించుకోవడానికి షాపూర్‌నగర్ రారు. అతను కట్టే ప్రతి రూపాయిలో ఎక్కువ భాగం వృథా.

4 కి.మీ. స్టేషన్‌కు ఉన్న అవకాశం ఇదే. దాని శ్రోతలంతా ఆ షాపుకి నడిచో, బైక్ మీదో రాగలిగేవాళ్లే. ట్యూషన్ సెంటర్, కర్రీ పాయింట్, టూవీలర్ మెకానిక్, ఫంక్షన్ హాల్... ఇలాంటివాళ్లకు చిన్న వృత్తమే కరెక్ట్ సైజు.

అయితే రూల్స్ తెలియాలి. కమ్యూనిటీ రేడియో లాభం కోసం నడపకూడదు. 2006లో గంటకు 5 నిమిషాల యాడ్స్‌కే అనుమతి ఇచ్చారు. తర్వాత అది 7 అయింది, 2024లో 12 నిమిషాలకు పెంచారు. ప్రభుత్వ యాడ్ రేటు కూడా అప్పుడే 10 సెకన్లకు 52 రూపాయల నుంచి 74 రూపాయలకు పెరిగింది. 12 నిమిషాలంటే 72 స్పాట్లు. అన్నీ నిండితే గంటకు 5,328 రూపాయలు. అన్నీ ఎప్పుడూ నిండవు, అది వేరే విషయం. కరెంటు బిల్లు, ఇద్దరు ముగ్గురి జీతాలు, రిపేర్లు దీంట్లోంచే రావాలి. కవరేజ్‌లో ప్రతి అర కిలోమీటరూ ఇక్కడ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఫ్రీ అప్‌గ్రేడ్ ఉంది. పైన టేబుల్‌లో మహానగరంలో మోనోకి 70 డెసిబెల్స్ చాలు, స్టీరియోకి 74 కావాలి. మాటలే ఎక్కువగా ఉండే స్టేషన్ మోనోలో ప్రసారం చేస్తే 4 కి.మీ. కాస్తా 5 కి.మీ. అవుతుంది. విస్తీర్ణం 50 నుంచి 78 చదరపు కి.మీ.కి పెరుగుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా జీడిమెట్ల, చింతల్ అంచులోంచి లోపలికొచ్చేస్తాయి.

మీ చేతిలో ఉన్న సగం: ఫోన్

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ 10 మీటర్ల ఎత్తులో ఉన్న మంచి యాంటెన్నాకి. మన జనం వినేది ఫోన్‌లో, కింద రోడ్డు మీద. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో సిగ్నల్ దాదాపు 16 డెసిబెల్స్ తక్కువ ఉంటుంది. ఇంటి గోడలు ఇంకొంత మింగేస్తాయి. చిన్న స్టేషన్‌కి ఇది పెద్ద దెబ్బ.

ఫోన్‌లో ఎఫ్‌ఎంకి ఇయర్‌ఫోన్స్ పెట్టమని ఎందుకు అడుగుతుందో తెలుసు కదా? ఆ వైరే యాంటెన్నా. 98.3 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 3.05 మీటర్లు. దాంట్లో నాలుగో వంతు 76 సెంటీమీటర్లు. ఫోన్ నుంచి చెవిదాకా వచ్చే వైర్ పొడవు దీనికి దగ్గరగానే ఉంటుంది. 3.5 ఎంఎం జాక్ తీసేశాక ఆ యాంటెన్నా కూడా పోయింది. బ్లూటూత్ బడ్స్‌కి వైర్ లేదు కాబట్టి ఎఫ్‌ఎం ఉన్నా పనిచేయదు. కొన్ని ఫీచర్ ఫోన్లలో లోపలే యాంటెన్నా పెట్టి 'వైర్‌లెస్ ఎఫ్‌ఎం' ఇస్తున్నారు. సౌకర్యమే, కానీ బలహీనమైన సిగ్నల్ దగ్గర పొడవాటి వైరే గెలుస్తుంది.

ఇంకో విషయం. చాలా ఫోన్లలో వైఫై, బ్లూటూత్ చూసే చిప్‌లోనే ఎఫ్‌ఎం రిసీవర్ కూడా ఉంటుంది. కంపెనీ దాన్ని కనెక్ట్ చేయదు, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేస్తుంది. 2023లో కేంద్ర ఐటీ శాఖ మొబైల్ కంపెనీలకు ఒక సూచన పంపింది: ఎఫ్‌ఎం ఉన్న ఫోన్లలో దాన్ని ఆపేయవద్దు, ఆన్‌లోనే ఉంచండి అని. విపత్తుల సమయంలో రేడియో అవసరాన్ని అందులో గుర్తు చేసింది.

"యాప్‌లో వినొచ్చు కదా" అంటే?

వినొచ్చు. ఆకాశవాణి స్టేషన్లు 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో వస్తాయి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఎప్పటినుంచో ఇంటర్నెట్ రేడియోలే వింటున్నారు. స్ట్రీమింగ్‌కి కవరేజ్ సమస్యే లేదు.

కానీ రెండు తేడాలు. ఒకటి, స్ట్రీమ్‌లో శ్రోతలు పెరిగేకొద్దీ సర్వర్ ఖర్చు పెరుగుతుంది. గాలిలో పదిమంది విన్నా పదివేలమంది విన్నా ట్రాన్స్‌మిటర్ తాగే కరెంటు అంతే. రెండు, విపత్తు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ నెట్‌వర్కులు కుప్పకూలాయి. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో ఎన్నో కాలనీలు నీటిలో మునిగాయి. అలాంటి రాత్రి మీ కాలనీ జనానికి కావాల్సింది సిటీ మొత్తం వార్త కాదు. మన చెరువు అలుగు పారుతోందా, ఏ రోడ్డు మూసేశారు, ఏ స్కూల్లో భోజనం పెడుతున్నారు అన్న సమాచారం. పెద్ద స్టేషన్‌కి సిగ్నల్ ఉంది కానీ ఆ సమాచారం చెప్పే తీరిక లేదు. ఆ సమాచారం చెప్పగలిగే చిన్న స్టేషన్‌కి సిగ్నల్ లేదు. శివారు ప్రాంతాల అసలు సమస్య ఇదే.

మీరే టెస్ట్ చేయండి

వీకెండ్ ప్రాజెక్ట్ కావాలా? మీ ఏరియా కవరేజ్ మ్యాప్ మీరే తయారుచేయొచ్చు.

1. ఒకే ఫోన్, ఒకే వైర్డ్ ఇయర్‌ఫోన్స్ వాడండి. మధ్యలో మార్చొద్దు.
2. మూడు స్టేషన్లు ఎంచుకోండి: ఒక ప్రైవేట్, ఒక ఆకాశవాణి, 90.4.
3. గాజులరామారం నుంచి మేడ్చల్ వైపు ప్రతి కి.మీ.కి బండి పక్కకు ఆపి, ఒక్కో స్టేషన్ ఒక నిమిషం వినండి. నడుపుతూ వినొద్దు.
4. 5కి ఎన్ని మార్కులో రాయండి. స్టీరియోలో ఒకసారి, మోనోలో ఒకసారి.
5. అదే చోట రోడ్డు మీద, తర్వాత మూడో అంతస్తు కిటికీ దగ్గర పోల్చండి. ఎత్తు విలువ చెవికే తెలుస్తుంది.

ఇంకాస్త లోతుగా వెళ్లాలంటే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ డాంగిల్ కొనండి. ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌ఎం బ్యాండ్ మొత్తం గ్రాఫ్‌లా కనిపిస్తుంది. ఏ స్టేషన్ ఎంత ఎత్తులో ఉంది, ఎక్కడ ఖాళీ ఉంది అన్నీ చూడొచ్చు.

ఒక వార్నింగ్: వినడం వరకే. ఆన్‌లైన్‌లో దొరికే ట్రాన్స్‌మిటర్ కిట్‌తో సొంతంగా ప్రసారం చేయడం చట్టరీత్యా నేరం. రాఘవ్ ఎఫ్‌ఎం కథ గుర్తుంది కదా. పైగా మన పక్కనే రెండు ఎయిర్‌ఫోర్స్ రన్‌వేలు ఉన్నాయి. సరిగ్గా ట్యూన్ చేయని చవక ట్రాన్స్‌మిటర్ విమానాల బ్యాండ్‌లోకి చిందితే అది ఆట కాదు. లైసెన్స్ వ్యక్తులకు ఇవ్వరు. కనీసం మూడేళ్లుగా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు అప్లై చేయొచ్చు. మీ కాలేజీ ఆ లిస్టులోకి వస్తుంది. ప్రిన్సిపాల్‌ని అడగడానికి ఇప్పుడు మీ దగ్గర లెక్కలు కూడా ఉన్నాయి.

ఫైనల్ వెర్డిక్ట్

గాజులరామారంలో 100 వాట్ల స్టేషన్ మేడ్చల్ దాకా, శామీర్‌పేట దాకా వెళ్లదు. వెళ్లాలని ఆశపడితే ఓడిపోతుంది, ఎందుకంటే ఆ ఆటలో 10 కిలోవాట్ల వాళ్లు ఉన్నారు. 4, 5 కి.మీ. వృత్తాన్ని తనదిగా చేసుకుంటే మాత్రం ఛాన్స్ ఉంది. చిత్తారమ్మ జాతరకు ట్రాఫిక్ ఎటు మళ్లించారో, నల్లా నీళ్లు ఏ రోజు వస్తాయో, జీడిమెట్లలో ఏ కంపెనీ మనుషుల్ని తీసుకుంటోందో చెప్పడానికి 5 కి.మీ. బాగా సరిపోతుంది.

చెక్‌లిస్ట్ ఇదీ: ముందు ఎత్తైన చోటు వెతకండి, తర్వాత యాంటెన్నా మీద ఖర్చు పెట్టండి, ఆ తర్వాతే ట్రాన్స్‌మిటర్. మోనోలో మొదలుపెట్టండి. వృత్తంలో ఎవరున్నారో, వాళ్లు ఏ టైమ్‌కి ఇంట్లో ఉంటారో తెలుసుకున్నాకే ప్రోగ్రాం షెడ్యూల్ రాయండి. ఫోన్ కొనేటప్పుడు ఆ చివరి లైన్ కూడా ఒకసారి చదవండి. వినే చెవి లేకపోతే ఎంత ఎత్తు టవరైనా ఉత్త ఇనుమే.